కాల్పుల విరమణ కోరడం లొంగిపోవడమేనా?

తూర్పుగాలి:

చాలా రోజులుగా మనసులో నలుగుతున్న ప్రశ్న ఇది. ఎక్కడ యుద్ధం మొదలైనా "ముందు కాల్పులు ఆపండి, మిగతాది కూర్చుని మాట్లాడుకోండి" అన్న మనిషికి రెండు వైపుల నుంచీ తిట్లే. ఒకరు పిరికివాడంటారు, ఇంకొకరు శత్రువు మనిషంటారు. నాకు తెలిసిన ఇద్దరు స్నేహితులు చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగారు. ఈ మాట మీదే గొడవపడి ఇప్పుడు పలకరించుకోవడం కూడా మానేశారు. ఆ ఇద్దరిలో ఒక్కరూ యుద్ధాన్ని కళ్లారా చూసినవారు కాదు.

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. 1914 జులై 31 రాత్రి పారిస్‌లో జాన్ జోరెస్‌ను కాల్చి చంపారు. యుద్ధం వద్దని చివరి గంట వరకూ తిరిగిన ఫ్రెంచి సోషలిస్టు నాయకుడాయన. చంపింది జర్మన్ కాదు, ఫ్రెంచివాడే. యుద్ధం ముగిశాక 1919లో విచారణ జరిగితే హంతకుడిని నిర్దోషిగా వదిలేశారు, కోర్టు ఖర్చులు జోరెస్ భార్యను కట్టమన్నారు. 1948లో గాంధీని, శత్రువుతో ఒప్పందం చేసుకున్న ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ను 1981లో, అలాంటి పనే చేసిన ఇజ్రాయెల్ ప్రధాని రబీన్‌ను 1995లో చంపినవాళ్లు కూడా పరాయివాళ్లు కారు. 2025 మే 10న పాకిస్తాన్‌తో కాల్పులు ఆగాయని మన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ ప్రకటించగానే ఆయననూ ఆయన కుటుంబాన్నీ సోషల్ మీడియాలో ఎన్నేసి మాటలన్నారో మనందరం చూశాం. ఆయన చేసింది ప్రభుత్వ నిర్ణయాన్ని చదివి వినిపించడమే.

నా అభిప్రాయం దాచుకోను. ముందు చంపడం ఆగాలి. షరతులు బాగా లేకపోయినా ఆగాలి. సరిహద్దు ఎక్కడ ఉండాలో, తప్పు ఎవరిదో పదేళ్లయినా వాదించుకోవచ్చు. పోయినవాళ్లు మాత్రం ఆ వాదన వినడానికి ఉండరు.

"గెలిచేదాకా ఆగకూడదు", "న్యాయం లేని శాంతి మాకొద్దు" అనేవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలుసు. మీ వాదన వినాలనే ఈ చర్చ మొదలుపెట్టాను. ఒక్కటే కోరిక, ఎవరూ ఎవరినీ ద్రోహి అనొద్దు.

మెట్లబావి:

ద్రోహి అనను తూర్పుగాలి గారూ. మీ ఉద్దేశం మంచిదే. కానీ మంచి ఉద్దేశంతో కుదిరిన ఒప్పందాలు ఎంతమంది ప్రాణాలు తీశాయో కూడా చూడాలి కదా.

1938 సెప్టెంబరులో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీ కూర్చుని చెకోస్లొవాకియా సరిహద్దు ప్రాంతాన్ని హిట్లర్‌కు రాసిచ్చాయి. ఆ దేశ ప్రతినిధులను గదిలోకి కూడా రానివ్వలేదు, హోటల్లో కూర్చోబెట్టి ఫలితం చెప్పారు. లండన్‌లో జనం సంబరం చేసుకున్నారు, యుద్ధం తప్పిందని. ఆరు నెలలు తిరగకుండానే, 1939 మార్చి 15న జర్మన్ సైన్యం ప్రాగ్‌లో అడుగుపెట్టింది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. తర్వాతి సంగతి చెప్తాను. కొండల వెంబడి చెక్‌లు కట్టుకున్న కోటల వరస మొత్తం ఒక్క తూటా పేలకుండా పోయింది. వాళ్ల ఆయుధ కర్మాగారాలు జర్మనీ చేతికి చిక్కాయి. 1940లో ఫ్రాన్స్ మీద పడిన జర్మన్ దళాల్లో చెక్ ట్యాంకులు ఉన్నాయి. అంటే శాంతి కోసం ఫ్రాన్స్ సంతకం పెట్టి వదిలేసిన దేశంలో తయారైన ట్యాంకులే ఫ్రాన్స్ మీదికి వచ్చాయి.

పాత కథ అనుకుంటే దగ్గరి ఉదాహరణ ఉంది. తూర్పు ఉక్రెయిన్ కోసం 2014 సెప్టెంబరులో ఒకటి, 2015 ఫిబ్రవరిలో ఇంకొకటి, మిన్‌స్క్‌లో రెండు ఒప్పందాలు కుదిరాయి. కాల్పులు తగ్గాయి గానీ పూర్తిగా ఎప్పుడూ ఆగలేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడికి దిగింది.

కాబట్టి నా ప్రశ్న ఒక్కటే. ఆ విరామంలో బలపడేది ఎవరు? దాడి చేసినవాడే అయితే ఈ రోజు మీరు కాపాడిన ప్రాణాలకు రెండింతలు రేపు పోతాయి. ఈ లెక్క వేయకుండా "ముందు ఆపండి" అనడం సులువు.

దారిదీపం:

నేను సైన్యంలో పనిచేసి వచ్చినవాడిని. ఎక్కడ, ఏ దళం అన్నది ఇక్కడ అనవసరం. మెట్లబావి గారు లెక్క అన్నారు కాబట్టి ఆ లెక్క గురించే మాట్లాడతాను.

మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918 నవంబరు 8న జర్మన్ ప్రతినిధులు ఫ్రెంచి సేనాధిపతి ఫోష్ రైలుపెట్టెకు వచ్చారు. మాటలు నడిచే ఆ కొద్ది రోజులైనా కాల్పులు ఆపమని వాళ్ల నాయకుడు ఎర్జ్‌బెర్గర్ అడిగాడు. ఫోష్ ఒప్పుకోలేదు. 11వ తేదీ తెల్లవారుజామున 5 గంటలు దాటాక సంతకాలయ్యాయి. అమలు మాత్రం పగలు 11 గంటలకు. యుద్ధం అయిపోయిందని అందరికీ తెలిసిన ఆ ఆరు గంటల్లో కూడా కొన్నిచోట్ల దళాలను దాడికి పంపారు. ఆ ఒక్క రోజు అన్ని వైపులా కలిపి సుమారు 2,700 మంది చనిపోయారని లెక్క. హెన్రీ గుంథర్ అనే అమెరికన్ సైనికుడు 10 గంటల 59 నిమిషాలకు పోయాడు.

ఆ నిమిషం గురించి నేను చాలా ఆలోచించాను. కింద ఉన్నవాడికి ఒక్క నిమిషం అంటే ఏమిటో, పైన బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఒక్క నిమిషం అంటే ఏమిటో చూడండి. "ఇంకొంచెం ఒత్తిడి పెడితే మంచి షరతులు వస్తాయి" అని పైవాళ్లు అనుకునే ప్రతి రోజూ కింద కొన్ని ఇళ్లకు కబురు వెళ్తుంది.

కొరియా చూడండి. చర్చలు 1951 జులైలో మొదలయ్యాయి. సైన్యాలు తలపడుతున్న గీత అప్పటికే ఇంచుమించు స్థిరపడిపోయింది. అయినా 1953 జులై 27 దాకా యుద్ధం సాగింది. ఎక్కువ కాలం చర్చలు చిక్కుకుపోయింది ఖైదీల మార్పిడి దగ్గర, తిరిగి వెళ్లనన్న ఖైదీని బలవంతంగా పంపాలా వద్దా అని. అది చిన్న విషయమని నేను అనను. కానీ ఆ చిక్కు విప్పింది ఏ ఫిరంగీ కాదు. తటస్థ దేశాల కమిషన్ ఒకటి వేశారు, దాని అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. వెనక్కి వెళ్లబోమన్న 22,000 మందికి పైగా ఖైదీలకు భారత సైనికులు కాపలా ఉన్నారు, ఎవరినీ బలవంతంగా వెనక్కి పంపలేదు. ఏ వైపుకూ వెళ్లనన్న ఎనభై మందికి పైగా మనతోనే ఇండియాకు వచ్చేశారు. ఈ ఏర్పాటు ఏడాది ముందే జరిగి ఉంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవి?

మెట్లబావి గారూ, మ్యూనిక్‌లో తుపాకులు అప్పటికి ఇంకా పేలలేదు. అది యుద్ధాన్ని ఆపిన ఒప్పందం కాదు, పక్కదేశాన్ని అడగకుండా అమ్మేసిన ఒప్పందం. రెండింటినీ ఒక గాటన కట్టకండి.

తూర్పుగాలి గారి జాబితాలోకి ఇంకో పేరు: ఆ రైలుపెట్టెలో సంతకం పెట్టిన ఎర్జ్‌బెర్గర్‌ను 1921లో సొంత దేశపు తీవ్ర జాతీయవాదులే కాల్చి చంపారు.

ఎర్రగన్నేరు:

మీ ముగ్గురి మాటల్లోనూ రెండు సైన్యాలే కనబడుతున్నాయి. ఒక వైపు సైన్యం, ఇంకో వైపు నిరాయుధులు ఉన్నచోట "కాల్పుల విరమణ" అంటే అర్థమేమిటి?

రువాండాలో ప్రభుత్వానికీ తిరుగుబాటు సైన్యానికీ మధ్య 1993 ఆగస్టులో అరూషా ఒప్పందం కుదిరింది. దాన్ని అమలు చేయించడానికి ఐక్యరాజ్యసమితి దళం కూడా వచ్చింది. అంటే కాగితం మీద శాంతి పూర్తిగా ఉంది. ఆ నెలల్లోనే రేడియోలో, అక్కడ అల్పసంఖ్యాకులైన టుట్సీలను బొద్దింకలని పిలుస్తూ జనాన్ని ఉసిగొల్పారు. 1994 ఏప్రిల్‌లో నరమేధం మొదలయ్యాక భద్రతామండలి ఆ దళాన్ని 270 మందికి కుదించింది. దాదాపు వంద రోజుల్లో 8 లక్షల మందిని చంపారని అంచనా. ఆ రోజుల్లో పెద్ద దేశాలు, సమితి ఏమంటున్నాయో తెలుసా? ప్రభుత్వ సైన్యానికీ తిరుగుబాటు సైన్యానికీ మధ్య కాల్పుల విరమణ కావాలని. చంపుతున్నవాడికీ చస్తున్నవాడికీ మధ్య ఏం విరమణ? ఆ హత్యాకాండ ఆగింది తిరుగుబాటు సైన్యం జులైలో యుద్ధం గెలిచాక. ఆ సైన్యం చేతులూ శుభ్రమైనవేమీ కావు, అది వేరే సంగతి.

శాంతి కావాలని నాకూ ఉంది. కానీ ఆ మాట ఎవరి నోటి నుంచి వస్తోందో, ఎవరిని ఆగమంటోందో చూస్తాను. బలవంతుడు అన్నీ ఆక్రమించుకున్నాక "ఇక శాంతిగా ఉందాం" అంటాడు. ఇల్లు పోయినవాడు ఒప్పుకోకపోతే వాడే యుద్ధం కోరుకుంటున్నాడంటారు.

తూర్పుగాలి:

ఎర్రగన్నేరు గారూ, రువాండాకు నేను చెప్పిన సూత్రం వర్తించదు. అది యుద్ధం కాదు, ఊచకోత. అక్కడ కావలసింది అడ్డం నిలబడే బలగం. ఉన్న బలగాన్ని వెనక్కి లాగడం క్షమించరాని పని. నేను మాట్లాడేది రెండు వైపులా ఆయుధాలుండి, ఏ వైపూ పూర్తిగా గెలవలేక, మధ్యలో మామూలు జనం పోతున్న యుద్ధాల గురించి. లోకంలో ఎక్కువ యుద్ధాలు చివరికి ఈ దశకే చేరతాయి.

అలాంటిదే లైబీరియా. 1989 నుంచి 2003 దాకా మధ్యలో కొంత విరామంతో రెండు అంతర్యుద్ధాలు. సుమారు రెండున్నర లక్షల మంది పోయారని అంచనా. చిన్నపిల్లల చేతికి తుపాకులిచ్చారు. 2003లో లేమా గ్బోవీ, ఇంకా చాలామంది ఆడవాళ్లు, క్రైస్తవులూ ముస్లింలూ కలిసి, తెల్ల బట్టలు కట్టుకుని రాజధాని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గరి మైదానంలో కూర్చున్నారు. రోజుల తరబడి, ఎండలో, వానలో. వాళ్ల డిమాండు చాలా చిన్నది: యుద్ధం ఆపండి. ఎవరు గెలవాలో చెప్పలేదు, ఎవరిని శిక్షించాలో చెప్పలేదు. అలా చెప్పి ఉంటే ఆ మైదానం కూడా రెండుగా చీలిపోయేది. రెండు మతాల ఆడవాళ్లు కలిసి కూర్చోగలిగింది డిమాండు అంత చిన్నది కాబట్టే.

అధ్యక్షుడు చార్లెస్ టేలర్ చర్చలకు ఒప్పుకున్నాడు. ఘానా రాజధాని అక్రాలో మొదలయ్యాయి. వారాలు గడిచాయి. యుద్ధనాయకులు హోటళ్లలో హాయిగా ఉన్నారు, మన్రోవియాలో జనం మీద ఫిరంగి గుండ్లు పడుతున్నాయి. అప్పుడు ఈ ఆడవాళ్లు చర్చలు జరుగుతున్న హాలు తలుపుల దగ్గర అడ్డంగా కూర్చున్నారు, ఒప్పందం అయ్యేదాకా ఎవరినీ బయటికి పోనివ్వమని. కాపలావాళ్లు అరెస్టు చేయబోతే గ్బోవీ తన బట్టలు తానే విప్పేస్తానంది. తల్లి వయసు ఆడది అలా చేయడం అక్కడ శాపంతో సమానం. వాళ్లు వెనక్కి తగ్గారు. ఆగస్టు 11న టేలర్ గద్దె దిగి నైజీరియా వెళ్లిపోయాడు, 18న ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

టేలర్ హాయిగా బతికాడా అంటే, లేదు. 2006లో పట్టుబడ్డాడు, 2012లో 50 ఏళ్ల జైలుశిక్ష పడింది. తుపాకులు ముందు ఆగాయి, న్యాయం తర్వాత వచ్చింది. నేను చెప్పే వరస ఇదే.

ఎర్రగన్నేరు:

ఆ కథలో రెండు సంగతులు వదిలేశారు.

మొదటిది. టేలర్ అక్రాలో చర్చలకు వచ్చిన రోజే, 2003 జూన్ 4న, పక్కదేశం సియెర్రా లియోన్ యుద్ధ నేరాలను విచారించే ప్రత్యేక కోర్టు అతని మీద అభియోగాలు బయటపెట్టింది. చర్చలు చెడిపోతాయని అందరూ కంగారుపడ్డారు, అతను అదే రోజు వెనక్కి వెళ్లిపోయాడు. కానీ ఆ అభియోగాల వల్లే అతను ఇక అధ్యక్షుడిగా కొనసాగలేడని లోకానికంతా అర్థమైంది. బోస్నియాలోనూ ఇంతే. బోస్నియా సెర్బుల నాయకుడు కరాజిచ్, వాళ్ల సేనాధిపతి మ్లాడిచ్‌ల మీద 1995 జులైలోనే అభియోగాలు నమోదయ్యాయి. అందుకే నవంబరులో అమెరికాలోని డేటన్‌లో జరిగిన శాంతి చర్చలకు వాళ్లు రాలేకపోయారు. వాళ్లు లేని బల్ల దగ్గరే ఒప్పందం కుదిరింది. న్యాయం అడిగితే శాంతికి అడ్డమన్నమాట ఈ రెండు చోట్లా నిలబడలేదు.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. టేలర్‌కు శిక్ష పడింది పక్కదేశం సియెర్రా లియోన్‌లో చేసిన నేరాలకు. లైబీరియాలో లైబీరియన్ల మీద జరిగిన ఘోరాలకు ఆ దేశపు కోర్టులో ఒక్కరికీ శిక్ష పడలేదు. 1990లో అధ్యక్షుడు డోను బందీగా పట్టుకుని, చిత్రహింసలు పెడుతుంటే వీడియో తీయించిన తిరుగుబాటు నాయకుడు ప్రిన్స్ జాన్సన్ 2005లో సెనేటర్‌గా గెలిచాడు. 2024 నవంబరులో చనిపోయేదాకా సెనేటర్‌గానే ఉన్నాడు. యుద్ధ నేరాల కోర్టు పెట్టాలని అక్కడి సత్యశోధన సంఘం 2009లోనే చెప్తే, దానికోసం ఒక కార్యాలయం పెట్టమని అధ్యక్షుడు సంతకం చేసేసరికి 2024 వచ్చింది.

మీరు "న్యాయం తర్వాత వస్తుంది" అన్నారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ "తర్వాత" వచ్చేదాకా బతికి ఉండాలి కదా.

వానాకాలం:

నేను చదువు చెప్పే వృత్తిలో ఉన్నాను కాబట్టి నా కన్ను ఎప్పుడూ బడి మీదికే పోతుంది. డేటన్ పేరు వచ్చింది కాబట్టి చెప్తాను.

డేటన్ యుద్ధాన్ని ఆపింది. దాదాపు లక్షమంది పోయిన యుద్ధం ఆగింది, మళ్లీ మొదలవలేదు. దానికి దండం పెట్టాలి. కానీ ఆ ఒప్పందం దేశాన్ని జాతుల వారీగా పంచేసింది. అధ్యక్ష పదవిలోనే ముగ్గురు, ఒక బోస్నియాక్ (బోస్నియా ముస్లిం), ఒక సెర్బు, ఒక క్రొయాట్. కొన్ని ఊళ్లలో "ఒకే కప్పు కింద రెండు బడులు" అనే పద్ధతి వచ్చింది. భవనం ఒకటే. ఒక జాతి పిల్లలు ఒక గుమ్మంలోంచి, ఇంకో జాతి పిల్లలు ఇంకో గుమ్మంలోంచి లోపలికి పోతారు. పాఠాలు వేరు, చరిత్ర పుస్తకం వేరు. తుపాకులు ఆగిన తర్వాత పుట్టిన పిల్లలకు కూడా ఎవరిని దూరం పెట్టాలో మొదటి తరగతి నుంచే నేర్పుతున్నారు.

2016లో యాయ్‌త్సె అనే ఊళ్లో హైస్కూలు పిల్లలు దీనికి ఎదురుతిరిగారు. తమ బడిని జాతుల వారీగా విడగొట్టాలని అధికారులు చూస్తే, క్రొయాట్ పిల్లలూ బోస్నియాక్ పిల్లలూ కలిసి వీధిలోకి వచ్చారు. పెద్దలు నచ్చజెప్పారు, వాళ్లు వినలేదు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ ప్రణాళిక మానుకుంది. దాని గురించి చదివినప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. డేటన్ రాసిన పెద్దమనుషులు చేయలేనిది పదహారు, పదిహేడేళ్ల పిల్లలు చేశారు.

అందుకే "ఆపాలా, వద్దా" దగ్గరే మనం చిక్కుకుపోతే సగం విషయమే మాట్లాడినట్టు. యుద్ధాన్ని ఆపే తొందరలో, యుద్ధం చేసినవాళ్ల చేతికే శాంతిని కూడా అప్పగిస్తున్నాం. ఎవరెవరు తుపాకులు పట్టుకొచ్చారో వాళ్లకే బల్ల దగ్గర కుర్చీ. పట్టుకోనివాళ్లకు లేదు.

ఇంకోటి, కొలంబియా. 2016 అక్టోబరు 2న ఫార్క్ గెరిల్లాలతో ఒప్పందం మీద ప్రజాభిప్రాయం అడిగారు. 54,000 కన్నా తక్కువ ఓట్ల తేడాతో "వద్దు" గెలిచింది. బొహయా అనే చిన్న ఊరు ఉంది. 2002లో అక్కడ పోరాటం జరుగుతుంటే జనం చర్చిలో తలదాచుకున్నారు. ఫార్క్ విసిరిన సిలిండర్ బాంబు ఆ చర్చి మీదే పడింది, చనిపోయినవారిలో చాలామంది పిల్లలు. ఆ ఊరు ఒప్పందానికి ఎలా ఓటు వేసిందనుకుంటున్నారు? దాదాపు 96 శాతం "కావాలి" అని. యుద్ధాన్ని టీవీలో చూసిన చాలా పట్టణాలు "వద్దు" అన్నాయి. ఎర్రగన్నేరు గారూ, మీరు బాధితుల తరఫున మాట్లాడుతున్నారు, అది గౌరవిస్తాను. కానీ ఇక్కడ బాధితులే ముందుకొచ్చి శాంతి కావాలన్నారు.

మెట్లబావి:

కొలంబియాలో "వద్దు" అన్నవాళ్లు యుద్ధపిపాసులు కారు వానాకాలం గారూ. వాళ్ల అభ్యంతరాలు స్పష్టంగా ఉన్నాయి. కిడ్నాపులు, హత్యలు చేసినవాళ్లు నిజం ఒప్పుకుంటే జైలుకే పోనక్కర్లేదా? ఓట్లు రాకపోయినా వాళ్లకు పార్లమెంటులో పది సీట్లు ఖాయంగా ఇవ్వాలా? ఈ ప్రశ్నలు వేసినవాళ్లందరినీ "దూరంగా కూర్చున్నవాళ్లు" అని తీసిపారేస్తే అది కూడా ఒక రకంగా ద్రోహి ముద్ర వేయడమే.

పైగా ఆ "వద్దు" వల్ల నష్టం జరిగిందా? కాల్పుల విరమణ ఆగలేదు. మళ్లీ కూర్చున్నారు, షరతులు కొన్ని మార్చారు, నవంబరు 24న కొత్త ఒప్పందం మీద సంతకం చేశారు. పది సీట్లు అలాగే ఉన్నాయి గానీ, తప్పు చేసినవాళ్ల ఆస్తులతో నష్టపరిహారం కట్టించడం లాంటివి గట్టిపడ్డాయి. కాదన్నవాడి మాట విన్నందుకే ఒప్పందం కొంత బాగుపడింది.

వానాకాలం:

ఒప్పుకోదగ్గ మాట. అయితే అక్కడ తుపాకులు ఆగి ఉన్నాయి కాబట్టే ఆ రెండో మాట వినే తీరిక దొరికింది. ఆ ఒప్పందం కింద యుద్ధ నేరాల విచారణకు పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం తర్వాత ఇంకో పని చేసింది. 2002 నుంచి 2008 మధ్య సైన్యం 6,402 మంది మామూలు మనుషులను చంపి, వాళ్లను గెరిల్లాలుగా చూపించిందని తేల్చింది. 2022లో మాజీ సైనికాధికారులు ఆ తల్లుల ఎదుట నిలబడి నేరం ఒప్పుకున్నారు. యుద్ధం నడుస్తుంటే ఏ దేశమైనా తన సైన్యం గురించి ఇంత నిజం బయటికి రానిస్తుందా?

చుక్కాని:

అందరూ పెద్ద ఒప్పందాల గురించి మాట్లాడుతున్నారు. నా ప్రశ్న చిన్నది. ఏ బల్ల దగ్గరా మనకు కుర్చీ లేదు. ఫోన్లో వార్తలు చూస్తాం, టెన్షన్ పడతాం, ఇంట్లోవాళ్లతో వాదిస్తాం. యుద్ధం గురించి మాట వస్తే మా నాన్నతో భోజనం దగ్గర కూడా మాట్లాడలేకపోతున్నాను. మనలాంటివాళ్ల అభిప్రాయానికి అసలు విలువ ఉందా?

దారిదీపం:

ఉంది బాబూ. నువ్వు అనుకునేదానికన్నా ఎక్కువ ఉంది.

నాయకుడు కాల్పులు ఆపాలంటే వెనక తన జనం ఏమంటారో అని భయపడతాడు. ఆ భయాన్ని తయారుచేసేది మనమే. ఫోన్లో "ఇంకా కొట్టండి" అని రాసే ప్రతివాడూ ఆ నాయకుడికి ఆగే దారి మూసేస్తున్నాడు. అలా రాసేవాళ్లలో సరిహద్దుకు వెళ్లేవాళ్లు తక్కువ. కాపలా పోస్టులో రాత్రి డ్యూటీలో ఉన్నవాడికి ఊళ్లో జనం ఎంత ఆవేశంగా ఉన్నారన్నది ధైర్యం ఇవ్వదు. భయం వేస్తుంది, ఈ ఆవేశానికి రేపు తనను ఎక్కడికి పంపుతారో అని.

ఇంకో పని కూడా నీ చేతిలో ఉంది. యుద్ధం మొదలైన గంటలోనే పాత వీడియోలు, వేరే దేశం వీడియోలు, చివరికి వీడియో గేముల్లో తీసిన ముక్కలు కూడా "ఇప్పుడే జరిగింది" అని తిరుగుతాయి. ఆర్మా 3 అనే గేము బొమ్మలను ఒకటికి నాలుగు యుద్ధాల్లో నిజమైన దాడులుగా చూపించారు, ఆ గేము తయారుచేసినవాళ్లే ఇది మాది, నమ్మకండి అని చెప్పాల్సి వచ్చింది. నిజమో కాదో తెలియనిది నీ దగ్గర ఆపేయి. నాన్నతో వాదనలో గెలవాలని చూడకు. ఎవరైనా ఆగమంటే ఎందుకు కోపం వస్తోందో ఆయన్ను అడుగు, విను. చాలాసార్లు ఆ కోపం వెనక భయమే ఉంటుంది.

మెట్లబావి:

దారిదీపం గారి మాటతో నాకు పేచీ లేదు. నా పేచీ తూర్పుగాలి గారితోనే. "షరతులు బాగా లేకపోయినా ఆగాలి" అన్నారు. ఏ షరతూ లేకుండానా? దాడి చేసినవాడు మళ్లీ రాకుండా ఎవరు చూస్తారు?

తూర్పుగాలి:

షరతు లేకుండా కాదు. మొదటి రోజే కావలసినవి ఉన్నాయి. గీతకు రెండు వైపులా తనిఖీ చేసే మూడో పక్షం ఉండాలి. ఆహారం, మందుల దారి తెరుచుకోవాలి. ఖైదీల పేర్లు బయటపెట్టాలి. ఆక్రమించిన భూమి ఆక్రమించినవాడిదే అని ఎక్కడా రాయకూడదు, ఆ ప్రశ్న తెరిచే ఉంచాలి. మ్యూనిక్ పత్రానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. సరిహద్దు ఎవరిదో తేలకుండానే తుపాకులు ఆగవచ్చు.

సైప్రస్‌లో 1974 నుంచి దేశం రెండుగా ఉంది. మధ్యలో ఐక్యరాజ్యసమితి కాపలా కాస్తున్న పట్టీ. గొడవ తేలలేదు, ఎవరి వాదన వాళ్లు వదలలేదు. కానీ ఈ యాభై ఏళ్లలో ఆ గీత మీద మళ్లీ యుద్ధం రాలేదు. అది గొప్ప శాంతి అని నేను అనను. అయినా ఆ రెండు వైపులా ఒక తరం బాంబు శబ్దం వినకుండా పెరిగింది.

మెట్లబావి:

ఇళ్లు వదిలి పారిపోయినవాళ్లు ఆ యాభై ఏళ్లూ గీత అవతల నుంచి తమ వీధులను చూస్తూనే ఉన్నారు. వరోషా అనే పట్టణాన్ని కంచె వేసి మూసేశారు, మనుషులు లేక భవనాలు శిథిలమయ్యాయి. తెరిచి ఉంచిన ప్రశ్న అంటే ఆచరణలో ఇదే. ఆక్రమించినవాడికి తొందరేమీ ఉండదు, పోగొట్టుకున్నవాడే వయసుమీరి పోతాడు. మూడో పక్షం కాపలా కాస్తుంది సరే, వెనక్కి ఇప్పిస్తుందా? మీ జాబితాలో ఒక గడువు కూడా ఉంటే ఆలోచిస్తాను. ఇన్నేళ్లలోగా తేలకపోతే ఏం జరుగుతుందో ముందే రాసి ఉండాలి.

ఎర్రగన్నేరు:

సైప్రస్ పేరెత్తారు కాబట్టి ఒక మాట. అక్కడ రెండు వైపులా కలిపి గల్లంతైనవారి జాబితాలో 2,002 పేర్లున్నాయి, 1,510 మంది గ్రీకు సైప్రియట్లు, 492 మంది టర్కిష్ సైప్రియట్లు. వాళ్లకోసం రెండు వర్గాలూ కలిసి ఒక కమిటీ పెట్టుకున్నాయి, 1981లో. రెండు వైపుల శాస్త్రవేత్తలూ కలిసే తవ్వుతారు, కలిసే ఎముకలను పరీక్షిస్తారు. వెయ్యిమందికి పైగా గుర్తించి కుటుంబాలకు అప్పగించారు. రాజకీయం ఒక్క అంగుళం కదలని చోట ఈ పని జరిగింది. అయినా ఎన్నో వందల మంది ఇంకా దొరకలేదు. ఎక్కడ పాతిపెట్టారో తెలిసిన సాక్షులు ముసలివాళ్లై పోతున్నారు. ఆ పనికి ఇంత ఆలస్యం కావడానికి నా దృష్టిలో ఒక కారణం, తుపాకులు ఆగిన రోజున ఆ వివరాలు ఎవరూ అడిగి తీసుకోకపోవడం.

అందుకని నా షరతు ఇది. సంతకం పెట్టే రోజునే గల్లంతైనవారి జాబితాలు, పూడ్చిన చోట్ల వివరాలు, సైన్యాల రికార్డులు మూడో పక్షానికి అప్పగించాలి. విచారణ ఎప్పుడన్నది తర్వాత చూసుకోవచ్చు. సాక్ష్యం మాత్రం ఆ రోజే భద్రం కావాలి. తూర్పుగాలి గారూ, దీన్ని మీ షరతుల్లో చేరుస్తారా?

తూర్పుగాలి:

చేరుస్తాను, అది మొదటి వరసలో ఉండాలి. మెట్లబావి గారి గడువు కూడా రాయిద్దాం, ఆ వాదన బలమైనదే. కానీ అవతలి పక్షం ఈ రెండింటికీ ఒప్పుకోకపోతే, వాటి కోసం ఆ రోజు సంతకాన్ని మాత్రం ఆపను.

ఎర్రగన్నేరు:

నేను ఆపుతాను.